మా ఇంటి ల్యాప్‌టాప్‌లు, నా మార్కులు

పిల్లల కాలేజీలు తెరిచే రోజుల్లో మా గల్లీలో నన్ను ఆపి అడిగే మాట ఒకటే. "అన్నా, ఏ కంపెనీ ల్యాప్‌టాప్ మంచిది?"

నేను కంప్యూటర్ చదివినవాణ్ణి కాదు. షోలాపూర్‌లో టవల్ కార్ఖానాలో ఇరవై ఆరేళ్ళుగా జాబర్ పని చేస్తున్నాను. సాంచా ఆగితే ఎందుకు ఆగిందో చూసి మళ్ళీ నడిపించడం నా పని. ఇంట్లోకి వచ్చిన ల్యాప్‌టాప్‌లను కూడా అదే కంటితో చూశాను. వాటిని విప్పాను, తుడిచాను, దుకాణాల చుట్టూ తిరిగాను. పదమూడేళ్ళలో మా ఇంటికీ, మా తమ్ముని ఇంటికీ కలిపి ఐదు వచ్చాయి. అందుకే నన్ను అడుగుతారు.

ఏదో ఒక కంపెనీ పేరు చెప్పి పంపడం సులువే. కానీ అడిగేవాళ్ళ ఇల్లు నాకు తెలుసు. ఆయన సాంచాల మీద, ఆమె బీడీల మీద బతికే ఇల్లు. యాభై వేల ల్యాప్‌టాప్ అంటే నా లెక్కన మూడు నెలల పగార్. అది రెండేళ్ళకే మూలన పడితే పైసలు పోవడంతో ఆగదు, పిల్ల చదువు నడుమల ఆగుతుంది. కాబట్టి ఊరికే పేరు చెప్పను. మా ఇంట్లో ఏది ఎట్లా నడిచిందో, దేనికి ఎన్ని మార్కులు వేశానో చెప్తాను.

ముందు మార్కుల లెక్క చెప్పాలి. నేను పని నేర్చుకున్న సాంచాలు కొత్తవి కావు. మూతబడిన మిల్లుల నుంచి వేలంలో వచ్చినవి. మాకు పని నేర్పిన పెద్ద జాబర్ ఒక మాట అనేవాడు. "సాంచాకు రంగు చూడకుర, దాని పికర్ బజార్ల దొరుకుతదా లేదా చూడు." ఎంత మంచి సాంచా అయినా దాని సామాను దొరక్కపోతే ఇనుప సామాను కిందికే లెక్క. పాతదైనా సామాను దొరికి, చేతితో విప్పి బిగించే వీలుంటే ముప్పై ఏళ్ళు అన్నం పెడుతుంది.

అందుకని ల్యాప్‌టాప్‌కు పదిలో నాలుగు మార్కులు బాగుచేసుకునే వీలుకే పెట్టాను. మూడు మార్కులు లోపలి సరుకుకు, అంటే ప్రాసెసర్, ర్యామ్, డిస్క్. రెండు మార్కులు బ్యాటరీకి. మిగిలిన ఒక్క మార్కు తెర, కీబోర్డు, బరువు, రూపం అన్నిటికీ కలిపి. దుకాణంవాళ్ళు చూపించేది ముందు ఆ చివరి మార్కునే.

మొదటిది 2012లో వచ్చింది. పుణేలో ఉండే మా బావమరిది ఆఫీసులో పాతవి అమ్మేస్తుంటే ఒకటి తీసుకొచ్చి ఇచ్చాడు. "బావా, పాతదే గానీ గట్టిది. బిడ్డకు పనికొస్తది" అన్నాడు. నల్లగా, లావుగా, ఇటుక లెక్క ఉండేది. బ్యాటరీ పది నిమిషాలు కూడా నిలిచేది కాదు. లైటు పోతే అది కూడా పోయేది.

మా ఇల్లు సాంచాల షెడ్డు పక్కనే. దూది దుమ్ము ఎంత ఊడ్చినా మళ్ళీ వచ్చి కూర్చుంటుంది. ఆరు నెలలకే అది వేడెక్కి దానంతట అదే ఆరిపోవడం మొదలైంది. కింద స్క్రూలు మామూలువే. విప్పి చూస్తే, గాలి బయటికి పోయే జాలీ దగ్గర దూది చాప లెక్క పేరుకొని ఉంది. మెత్తని బ్రష్‌తో తీసేశాను. ఆ రోజు నుంచి నాలుగు నెలలకోసారి దానికి కూడా సాంచాలకు చేసినట్టే సఫాయి.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. కార్ఖానాలో ఉంది గదా అని కంప్రెసర్ గాలి కొట్టకండి. ఆ గాలిలో తేమ ఉంటుంది. జోరుకు ఫ్యాన్ గిర్రున తిరిగి దాని బేరింగ్ చెడుతుంది. కరెంటు తీసేసి, బ్యాటరీ విప్పి, ఫ్యాన్ రెక్కను వేలితో పట్టుకొని బ్రష్‌తో తుడిస్తే చాలు.

ఆ యంత్రానికి తర్వాత ర్యామ్ పెంచాం. హార్డ్ డిస్క్ ఒకసారి మార్చాం. 2014 ఏప్రిల్‌లో విండోస్ ఎక్స్‌పీకి కంపెనీ సాయం ఆపేసినప్పుడు విండోస్ 7 వేయించాం. మా పెద్ద బిడ్డ టైపింగ్ నేర్చుకున్నది, పదో తరగతి ప్రాజెక్టులు చేసింది దాని మీదే. కెమెరా లేదు, బరువు ఎక్కువ, నెమ్మది. అయినా ఎనిమిదేళ్ళు నడిచింది. బాగుచేసుకునే వీలుకు నాలుగుకు నాలుగు, సరుకుకు రెండు, బ్యాటరీకి సున్నా, కీబోర్డుకు ఒకటి. మొత్తం ఏడు.

రెండోది మా తమ్ముడు 2018లో తన పిల్లల కోసం కొన్నాడు. సరికొత్తది, సన్నగా, తళతళలాడుతూ ఉండేది. పదిహేను వేల చిల్లర, నెలనెలా హప్తా. డబ్బా మీద, ప్రకటనలో నాలుగు చుక్కల పైనే రేటింగు. మొదటి నెల మా గల్లీ అంతా దాన్ని చూసి పోయింది.

దాంట్లో 2 జీబీ ర్యామ్, 32 జీబీ జాగా. రెండూ బోర్డుకే అతికించి ఉంటాయి. తీసి పెద్దవి వేసే వీలు లేదు. విండోస్ ఒక్కటే ఆ జాగాలో సగానికి పైగా తింటుంది. ఏడాది తిరిగేసరికి కొత్త అప్‌డేట్ దిగడానికి జాగా చాలక, దిగక, రోజూ అదే హెచ్చరిక. పిల్లల ఫోటోలు తీసేశారు, పాటలు తీసేశారు, ఇగ తీయడానికి ఏమీ మిగలలేదు. దాంట్లో ఫ్యాన్ లేదు కాబట్టి దూది బెడద లేదు, అది మంచిదే. బ్యాటరీ ఐదారు గంటలు వచ్చేది, దానికి పూర్తి రెండు మార్కులు. కానీ బాగుచేసే వీలుకు సున్నా. మొత్తం పదిలో మూడు. హప్తాలు కట్టడం అయిపోయింది, కొన్నాళ్ళకే దాని పని కూడా అయిపోయింది.

మరి ఆ నాలుగు చుక్కలు ఎవరు వేశారు? అబద్ధం అని నేను అనను. కానీ అట్లాంటి చుక్కల్లో చాలా వరకు కొన్న వారంలోనే పడతాయి. డబ్బా తెరిచినప్పుడు అన్నీ బాగానే ఉంటాయి. పెండ్లయిన వారానికే అల్లుణ్ణి మెచ్చుకున్నట్టు ఉంటుంది ఆ సంగతి. రెండేళ్ళ తర్వాత జాగా నిండినప్పుడు, కీలు విరిగినప్పుడు, బ్యాటరీ పోయినప్పుడు వచ్చి చుక్కలు మార్చేవాళ్ళు అరుదు.

మూడోది 2020లో. ఆ ఏడాది గురించి మీకు నేను కొత్తగా చెప్పేదేముంది? మార్చి 25 నుంచి దేశమంతా బందు. షెడ్డు పక్కన పుట్టి పెరిగిన మా పిల్లలు సాంచాల చప్పుడు లేకుండా నిద్రపోయింది అప్పుడే. పగార్ లేదు. బీడీల ఆకు, తంబాకు రావడం ఆగింది. మా పెద్ద బిడ్డ బీకాంలో ఉంది. క్లాసులన్నీ తెర మీదికి మారాయి. పాతదానికి కెమెరా లేదు, వీడియో వస్తే ఆగిపోతుంది. ఇంట్లో ఉన్న ఒక్క ఫోను మీదనే అక్క క్లాసు, తమ్ముని క్లాసు ఒకే గంటకు. బిడ్డ ఏమీ అనలేదు. వారం రోజులు తన క్లాసు మానుకొని తమ్మునికి ఇచ్చింది.

మా ఇంట్లామె భిషి అప్పుడు ఎత్తింది. ఆ పైసలు కిరాణాకు పోవాలి, ఇంటి కిరాయికి పోవాలి. ఆమె వాటిని నా చేతిలో పెట్టి, "తిండికి ఏదో ఒకటి చేసుకుందాం, దీని చదువు మాత్రం ఆగొద్దు" అంది. కొత్తవి దొరకడం లేదు, దొరికినవి అందుబాటులో లేవు. పెద్ద కంపెనీల ఆఫీసుల్లో మూడు నాలుగేళ్ళు వాడి తీసేసిన ల్యాప్‌టాప్‌లు బాగుచేసి అమ్మే దుకాణంలో 18,500కు ఒకటి తెచ్చాం.

దుకాణంవాడు దాన్ని "ఏ గ్రేడ్" అన్నాడు. గ్రేడ్ అంటే ఏందని గుచ్చి గుచ్చి అడిగాను. మన టవళ్ళకు చెకింగ్‌లో ఫస్టు, సెకండ్ అని వేరు చేస్తాం గదా. అక్కడ పోగు తెగిందా, మరక ఉందా అని చూస్తాం. వాళ్ళ గ్రేడ్ కూడా అట్లాంటిదే. ఎక్కువగా పైన గీతలు ఎన్ని ఉన్నాయి, అంచులు పగిలాయా, తెర మీద మచ్చ ఉందా అని చెప్పే గ్రేడ్ అది. లోపల బ్యాటరీ ఎంత మిగిలిందో చెప్పదు. "బీ గ్రేడ్" తీసుకుంటే రెండు వేలు తక్కువ, లోపలి సరుకు అదే. మూత మీద గీత ఉంటే ఉండనీ అని అదే తీసుకున్నాం.

ఆఫీసుల కోసం చేసే ల్యాప్‌టాప్‌లు వేరేగా ఉంటాయి. డెల్‌లో ల్యాటిట్యూడ్, హెచ్‌పీలో ఎలైట్‌బుక్, లెనోవోలో థింక్‌ప్యాడ్ అట్లాంటివి. థింక్‌ప్యాడ్‌ను 1992లో ఐబీఎం మొదలుపెట్టింది, 2005లో లెనోవో చేతికి వచ్చింది. ఇవి వందల సంఖ్యలో ఆఫీసులకు పోతాయి కాబట్టి వీటి సామాను బజారులో దొరుకుతుంది. ఎట్లా విప్పాలో బొమ్మలతో చెప్పే పుస్తకాన్ని కంపెనీలే అందరికీ అందుబాటులో పెడతాయి. మేము తెచ్చింది ఈ జాతిదే. 4 జీబీ ర్యామ్‌తో వచ్చింది, తర్వాత 1,600 పెట్టి ఇంకో 4 జీబీ వేశాం. రెండేళ్ళకు బ్యాటరీ 2,500 పెట్టి మార్చాం. ఒకసారి దాని మీద చాయ్ పడింది. వెంటనే ఆపి, బోర్లించి, ఒక రోజంతా ఆరబెట్టాం. బతికింది. ఆ ఒక్క సంగతికే మా ఇంట్లామె దానికి పదికి పది వేసింది. నా లెక్కలో ఎనిమిదిన్నర.

బిడ్డ డిగ్రీ దాని మీద పూర్తి చేసింది. ట్యాలీ, జీఎస్టీ రిటర్నుల పని దాని మీదే నేర్చుకుంది.

నాలుగోది మాది కాదు. 2022లో బిడ్డకు పుణేలో ఉద్యోగం వచ్చింది. ఆ కంపెనీ ఇచ్చిన ల్యాప్‌టాప్ అది. సగం రోజులు ఇంటి నుంచే పని. మా ఇంట్లోకి వచ్చినవాటిలో అంత మంచిది లేదు. మూత తెరిచేలోపే సిద్ధంగా ఉండేది. చుట్టాలు వస్తే దాన్నే చూపించేవాళ్ళం.

2024లో ఒక శుక్రవారం మధ్యాహ్నం ఆమెతో పాటు ఇంకా కొందరిని తీసేశామని మెయిల్ వచ్చింది. చదవడం అయ్యేలోపే పాస్‌వర్డ్ పనిచేయడం మానేసింది. నాలుగు రోజులకు కొరియర్ మనిషి వచ్చి పెట్టెలో పెట్టుకొని పోయాడు. బిడ్డ గడపలో నిలబడి చూసింది. మా తాత కాలంలో మిల్లు గేటుకు తాళం వేసినప్పుడు మగ్గం లోపల, మనిషి బయట ఉండిపోయారని ఇంట్లో చెప్పుకునేవాళ్ళు. ఇక్కడ గేటు కూడా లేదు. తెర నల్లబడింది, అంతే.

ఆ రాత్రి ఆమె బీరువా మీది నుంచి మా గీతల ల్యాప్‌టాప్ దించింది. తన సర్టిఫికెట్లు, బయోడేటా, నేర్చుకున్న పాఠాలు అన్నీ దాంట్లోనే ఉన్నాయి. కంపెనీ యంత్రంలో సొంతవి పెట్టొద్దని మొదటి రోజు నుంచే జాగ్రత్తగా ఉంది. ఆ పాతదాని మీదనే మూడు నెలలు ఉద్యోగాలకు రాసింది, తెర మీద ఇంటర్వ్యూలు ఇచ్చింది. ఇప్పుడు మన ఊర్లోనే ఒక సీఏ ఆఫీసులో టవల్ ఎగుమతివాళ్ళ లెక్కలు చూస్తోంది.

కంపెనీ ల్యాప్‌టాప్‌కు నేను మార్కులు వేయలేదు. ఎంత మంచిదైనా, మనం విప్పలేనిది, మనం ఉంచుకోలేనిది మన ఇంటి లెక్కలోకి రాదు. ఉద్యోగం ఉన్నప్పుడు కూడా ఇంట్లో మన సొంతానిది ఒకటి ఉండాలె. ఎందుకంటే ఉద్యోగం పోయిన రోజున దానితోనే ఇంకోటి వెతుక్కోవాలి.

ఒకసారి బిడ్డనే చెప్పింది. ఫ్రాన్స్ దేశంలో 2021 జనవరి నుంచి ల్యాప్‌టాప్‌ల మీద బాగుచేసుకునే వీలుకు పదికి ఎన్ని మార్కులో రాసి అమ్మాలట. విప్పడం ఎంత సులువు, సామాను దొరుకుతుందా, సామాను ధర ఎంత అని లెక్కగట్టి వేస్తారు. నేను నవ్వాను. ఆ లెక్క మా పెద్ద జాబర్ ఎప్పుడో చెప్పిందే. మన దేశంలో కూడా 2022 డిసెంబరులో "రైట్ టు రిపేర్" పేరుతో కేంద్ర ప్రభుత్వం ఒక పోర్టల్ తెరిచింది. దుకాణంలో డబ్బా మీద ఆ మార్కు కనబడేదాకా మన మార్కులు మనమే వేసుకోవాలి.

అన్నలూ, అక్కలూ, పాతది కొనడానికి పోతే ఇవి చూడండి. ప్రాసెసర్ పేరులో గీత తర్వాత వచ్చే అంకె ఎన్నో తరానిదో చెప్తుంది. ఐ5-6300యూ అంటే ఆరోది. ఐ5-8250యూ అంటే ఎనిమిదోది. ఐ5-10210యూ అంటే పదోది. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మామూలు సాయం ముగిసింది. విండోస్ 11 నియమం ప్రకారం ఇంటెల్‌లో ఎనిమిదో తరం నుంచే సరిపోతుంది. ఆరో తరం, ఏడో తరంవి ఇప్పుడు దుకాణాల్లో చౌకగా కుప్పలు పోసి ఉన్నాయి. "ఐ5 ఉంది, తీసుకో" అంటారు. ఎన్నోదని అడగండి. ఇంట్లో అట్లాంటిది ఇప్పటికే ఉంటే మాత్రం పారేయకండి. అది ఆగిపోదు. రక్షణ అప్‌డేట్లు మాత్రం మామూలుగా రావు. మేము మా మూడోదానికి పైసా లేకుండా దొరికే లినక్స్ వేయించాం. తమ్ముని బిడ్డ దాని మీద చదువుకుంటోంది.

బ్యాటరీ రిపోర్ట్ తీసి చూపమనండి. విండోస్‌లోనే అది వస్తుంది. అందులో తయారైనప్పుడు ఎంత నిలిచేదో, ఇప్పుడు నిండా ఎక్కిస్తే ఎంత నిలుస్తుందో రెండు అంకెలు ఉంటాయి. రెండోది మొదటిదానిలో సగమే ఉంటే కొత్త బ్యాటరీ ఖర్చు ధరలో తగ్గించమని అడగండి. కింద మౌస్ పలక పైకి ఉబ్బినట్టు ఉంటే ముట్టుకోవద్దు, లోపల బ్యాటరీ ఉబ్బిందన్నమాట. ఆన్ చేయగానే పాత ఆఫీసు పేరుతో పాస్‌వర్డ్ అడిగితే వదిలేసి రండి. మీటలన్నీ ఒక్కొక్కటి నొక్కి చూడండి. మూత పదిసార్లు తెరిచి మూయండి. బిల్లు, గ్యారంటీ కాగితం లేకుండా పైసలు ఇవ్వకండి.

అందరికీ పాతదే మంచిదని నేను చెప్పను. వీడియోలు కట్ చేసే పని, పెద్ద పెద్ద ఇంజనీరింగ్ డ్రాయింగుల చదువు ఉన్నవాళ్ళకు గ్రాఫిక్స్ ఉన్న కొత్తది కావాల్సి రావచ్చు. అప్పుడు కూడా ర్యామ్ పెంచే జాగా ఉందా అని ఒక్క ప్రశ్న అడిగి కొనండి.

ఇగ ఐదోది. మా కొడుకు ఈ ఏడాది కంప్యూటర్ డిప్లొమాలో చేరాడు. స్నేహితులందరి దగ్గర కొత్తవి ఉన్నాయి. 58,000ది చూసి వచ్చాడు, పద్దెనిమిది నెలల హప్తా. "నాయినా, వడ్డీ లేదట" అన్నాడు. వడ్డీ లేకున్నా హప్తా ఉంటుంది గదా. సాంచాలు ఎప్పుడు నడుస్తయో, ఎప్పుడు ఆగుతయో తెలవని ఊర్లో పద్దెనిమిది నెలల మాట ఎట్లా ఇవ్వాలె? వాడు రెండు రోజులు మాట్లాడలేదు. నేను కూడా తొందరపెట్టలేదు. మూడో రోజు వాణ్ణి వెంట తీసుకొని దుకాణానికి పోయాను. పై జాబితా అంతా వాడి చేతనే అడిగించాను. మీటలు వాడే నొక్కాడు, బ్యాటరీ రిపోర్ట్ వాడే చదివాడు. పదో తరం ఐ5, 8 జీబీ ర్యామ్, ఇంకోటి వేసే జాగా, 256 జీబీ ఎస్‌ఎస్‌డీ. ఆరు నెలల గ్యారంటీతో 24,500. దీపావళి బోనస్‌తో పూర్తిగా కట్టేశాం. అప్పు లేదు.

ఇంటికి వచ్చినాక వాడు మొహం ముడుచుకొనే ఉన్నాడు. తెల్లారి చూస్తే కింది మూత విప్పి, ర్యామ్ జాగా ఎక్కడుందో వాళ్ళ అక్కకు చూపిస్తున్నాడు.

దీనికి ఎన్ని మార్కులని మీరు అడగొచ్చు. ఇప్పుడే వేయను. ఇంకా నెల కూడా కాలేదు. వచ్చే దీపావళికి, దూది ఒకసారి తుడిచినాక, పరీక్షలు ఒకసారి అయినాక, కొడుకుతో కూర్చొని వేస్తాను. మీ ఇంట్లో రెండేళ్ళు దాటినది ఉంటే దానికి మీరెన్ని వేస్తారో, ఎందుకో రాసి పంపండి. కొనబోయే మన పిల్లలకు పనికొస్తుంది.